పాత డబ్బుకు తలంటు

ఈ సంవత్సరం సావనీరుకు ఏదైనా వ్రాసి ఇమ్మని విద్యార్థి సంఘం కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. వస్తూనే, "కెమిస్ట్రీ మాత్రం వద్దు మాస్టారూ, ఎవరూ చదవరు" అని ముందే చెప్పేశాడు. ముప్పయ్యేళ్లు ఆ పాఠమే చెప్పినవాణ్ణి, ఎవరు చదువుతారో ఎవరు చదవరో నాకు తెలియనిది కాదు. సరే చూద్దాంలే అని కాఫీ ఇచ్చి కూర్చోబెడితే, బల్లమీద నేను పరిచిపెట్టుకున్న పాత నాణేలు అతని కంటబడ్డాయి. ఒకదాన్ని తీసి పంట్లాముకు రుద్దబోయాడు. నేను కేక పెట్టినంత పని చేశాను.

"అదేంటండీ, మురికిగా ఉంది కదా! మా ఇంట్లో అయితే చింతపండు పెట్టి ఈపాటికి తళతళలాడించేద్దురు" అన్నాడు. ఆ రోజు అతనికి చెప్పిన జవాబునే కొంచెం పెంచి ఇక్కడ వ్రాస్తున్నాను. కెమిస్ట్రీ అని తెలియకుండా మీచేత చదివించగలిగితే నా పని నెరవేరినట్టే.

ముందుగా నా నేరం ఒప్పుకుంటాను. మా ఊరు తాడేపల్లిగూడేనికి నాలుగు మైళ్లు. మా నాయనమ్మ భోషాణం అడుగున, పసుపు గుడ్డలో మూటకట్టిన ఒక రాగి నాణెం ఉండేది. రూపాయి కంటె పెద్దది, చేతిలో వేసుకుంటే బరువుగా ఉండేది. ఒకవైపు కంపెనీవారి ముద్ర, కింద 1794 అన్న అంకెలు. రెండోవైపు అటూ ఇటూ రెండు సింహాలు పట్టుకున్న డాలు, చుట్టూ లాటిన్‌లో ఇంగ్లండు రాజు, పార్లమెంటుల అండదండలతో అని అర్థం వచ్చే వాక్యం, అడుగున "నలభై యెనిమిది ఒక రూపాయికి" అని ఇంగ్లీషులో. నాయనమ్మ దాన్ని నాణెం అనేది కాదు, "డబ్బు" అనేది. ఇప్పుడు మనం డబ్బు అంటే మొత్తం ధనం అనుకుంటున్నాం గాని, ఆ రోజుల్లో అది ఒక రాగి నాణెం పేరు. నాణెం పోయింది, పేరు మాత్రం మన జేబుల్లో మిగిలింది.

ఆ నాణెం చరిత్ర చాలా తర్వాత తెలిసింది. ఏలూరు సర్కారుతో సహా ఉత్తర సర్కారుల కోసమని ఈస్టిండియా కంపెనీవారు దాన్ని ఇంగ్లండులో బర్మింగ్‌హాం దగ్గర సోహో అనే చోట, మాథ్యూ బోల్టన్ గారి టంకశాలలో కొట్టించారు. ఆ బోల్టన్, ఆవిరియంత్రం జేమ్స్ వాట్ వ్యాపార భాగస్వాములు. ఆవిరి శక్తితో నాణేలు కొట్టడం మొదలుపెట్టిన తొలి టంకశాలల్లో అదొకటి. అంటే పారిశ్రామిక విప్లవం మన పొలంగట్ల మీదికి రైలు కంటె ముందే, డబ్బు రూపంలో నడిచి వచ్చిందన్నమాట.

ఇదేమీ తెలియని రోజుల్లో, 1974లో, ఏలూరులో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీలో ఎగ్జిబిషన్ పెట్టారు. నాయనమ్మను బతిమాలి డబ్బు పట్టుకొచ్చాను. అది ముదురు గోధుమరంగులో, పాతబడిన తాటిబెల్లం ముక్కలా ఉంది. ఇలాంటిది ఎవరు చూస్తారని మొదట చింతపండు, ఉప్పు పెట్టి తోమాను. కొంత తేటపడింది గాని తృప్తి కలగలేదు. పలచటి నైట్రిక్ ఆసిడ్ సీసా ఒకటి సంపాదించాను. ఎలా సంపాదించానని అడక్కండి. గాజు గిన్నెలో పోసి నాణెం అందులో వేసి, అయిదు నిమిషాలు బుడగలు చూస్తూ కూర్చున్నాను. నీళ్లు లేత నీలంగా మారుతుంటే భలే సరదా వేసింది.

బయటకు తీస్తే నాణెం గులాబీరంగులో ధగధగలాడుతోంది. ఎగ్జిబిషన్‌లో అందరూ మెచ్చుకున్నారు. సెలవులకు ఇంటికి తీసుకువెళ్లి నాయనమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలితో తడిమి చూసి, "ఇదేంట్రా అబ్బాయ్, డబ్బుకి తోలొలిచేశావు! మా నాయన చేతిలో తిరిగింది ఇది కాదు" అంది. ఇంకేమీ అనలేదు. మళ్లీ దాన్ని పసుపు గుడ్డలో కట్టనూ లేదు.

తోలు అన్న మాట ఎంత సరైనదో బి.యస్సీ.లో గాని నాకు అర్థం కాలేదు. రాగి మీద ఏళ్ల తరబడి ఏర్పడే ఆ గోధుమ పొర బయటినుంచి వచ్చి అంటుకున్న మురికి కాదు. నాణెంలోని రాగే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆక్సైడుగా మారి, పైన గట్టిగా పరుచుకుంటుంది. సింహం జూలులోని వెంట్రుక గీత కూడా ఆ పొర మందంలోనే ఉంటుంది. ఆ పొర కరిగిస్తే గీత కూడా దానితోపాటే పోతుంది. ఆసిడ్ అక్కడితో ఆగదు, కిందనున్న శుద్ధమైన రాగిని కూడా తింటుంది. నేను సరదాపడి చూసిన ఆ నీలం, సింహాల జూలే.

ఇక్కడ మన భాషలోనే ఒక చిక్కుంది. "ఉప్పు నీళ్లలో కరిగింది" అంటాం, "రాగి ఆసిడ్‌లో కరిగింది" అని కూడా అంటాం. రెండింటికీ ఒకటే మాట. కాని ఉప్పునీటిని మరిగిస్తే ఉప్పు మళ్లీ ఉప్పుగానే మిగులుతుంది. రాగి కరిగిన ఆసిడ్‌ను ఇంకిస్తే రాగి రాదు, నీలిరంగు స్ఫటికాలు వస్తాయి. మొదటిది కేవలం కరగడం, రెండవది రసాయనిక చర్య. నాణేలు పోగుచేసేవారు "సాల్వెంటు" అన్నప్పుడు మొదటి రకాన్నే ఉద్దేశిస్తారు. నూనెను, జిగురును, మైనాన్ని కరిగించాలి, లోహం జోలికి పోకూడదు. ఈ లెక్కన చింతపండు సాల్వెంటు కాదు, అందులో టార్టారిక్ ఆసిడ్ ఉంది. నిమ్మకాయలో ఉన్నది సిట్రిక్ ఆసిడ్. బూడిదలో క్షారం ఉంది, పైపెచ్చు గరుకు. ఇటికపొడి సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ఆకురాయితో సమానం. పళ్లపేస్టు మెత్తగా కనిపించే ఇటికపొడి. కుంకుడు రసం వీటన్నిటికంటె నయం, జిడ్డును విడదీస్తుంది. కాని మనవాళ్లు కుంకుడు రసంలో వేసి ఊరుకోరు కదా, బ్రష్షు పెట్టి రుద్దుతారు. దెబ్బ అక్కడ తగులుతుంది.

ఇంట్లో ఆడవారు కోప్పడకుండా ఒక మాట చెబుతాను. 1968 నుంచి 1971 వరకు కమలం గుర్తుతో వచ్చిన పసుపురంగు ఇరవై పైసల బిళ్లలు చాలా ఇళ్లలో నూట యెనిమిది పోగుచేసి లక్ష్మీపూజకు వాడతారు. వాటిని శ్రావణమాసం వచ్చేసరికి చింతపండు పెట్టి తోముతారు. తోముకోనివ్వండి. అవి అమ్మవారి సొమ్ము, పైగా లక్షల్లో దొరుకుతాయి. నా గొడవంతా ఒక్కటే ఉండి, పోతే మళ్లీ రాని నాణెం గురించి.

అసలు సాల్వెంటు సంగతికి వద్దాం. నాణేలవారికి అన్నిటికంటె పనికివచ్చేది అసిటోన్. ల్యాబుల్లో మనందరికీ పరిచయమైనదే, వాసన మరిచిపోయే రకం కాదు. అది రాగిని గాని, వెండిని గాని, బంగారాన్ని గాని ఏమీ చెయ్యదు. నూనె, టేపు జిగురు, ప్లాస్టిక్ జిడ్డు వంటివాటిని లాగేస్తుంది. ఈ చివరిదాని వల్ల మనవైపు జరిగే నష్టం చాలామందికి తెలియదు. బజారులో చవకగా దొరికే మెత్తటి ప్లాస్టిక్ ఆల్బములు పి.వి.సి.తో చేస్తారు. అవి మెత్తగా ఉండడానికి కలిపిన నూనెలాంటి పదార్థం కాలక్రమాన బయటికి ఊరుతుంది. వేడికి ప్లాస్టిక్ కూడా కొంచెం కొంచెం విడిపోయి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వదులుతుంది. మన మే నెల ఎండలు, దాని వెంటనే జూలై తేమ, రెండూ కలిస్తే ఇంకేం కావాలి? నాణెం మీద పచ్చగా, బంకబంకగా ఒక పొర కడుతుంది. నా మిత్రుడొకరు ఏలూరులో పదిహేనేళ్లపాటు అలాంటి ఆల్బములో విక్టోరియా రాణి రూపాయలు పెట్టుకున్నాడు. అవి 11.66 గ్రాముల బరువు, నూటికి 91.7 పాళ్లు వెండి, తక్కినది రాగి. ఒకరోజు తీసి చూస్తే రాణిగారి చెంపలు పచ్చగా జిగటలాడుతున్నాయి.

ఆ మిత్రుడిది "దేన్నీ కడగరాదు" అనే మతం. ఏ నాణెమైనా ఎలా దొరికిందో అలాగే ఉండాలంటాడు. నాకు ఆ మతం మీద గౌరవం ఉంది, కాని ఈ సందర్భంలో అది పనికిరాదని వాదించాను. ఆ జిగట నాణెంలో పుట్టింది కాదు, ఆల్బములోంచి వచ్చింది. దాన్ని వదిలేస్తే తినేస్తూ పోతుంది. ఒప్పుకున్నాడు. గాజు గిన్నెలో అసిటోన్ పోసి, ఒక్కొక్క రూపాయినీ అంచులు పట్టుకుని వేసి, మూతపెట్టి గంటసేపు ఉంచాం. రుద్దలేదు, దూదితో ఒత్తలేదు. తీసి మరో గిన్నెలోని కొత్త అసిటోన్‌లో ముంచి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనిచ్చాం. పచ్చదనం పోయింది, వెండి మీద ఏళ్లుగా పట్టిన బూడిదరంగు ఛాయ మాత్రం చెక్కుచెదరలేదు. రెండు రూపాయల మీద అప్పటికే ఆసిడ్ తిన్న చిన్న చిన్న గుంటలు కనిపించాయి. వాటికి ఏ మందూ లేదు. ఆ మిత్రుడు ఆల్బములన్నీ పారేసి కాగితం కవర్లకు మారాడు.

ఇది చదివి ఎవరైనా వెంటనే ప్రయోగం మొదలుపెడతారేమో, కాబట్టి జాగ్రత్తలు చెప్పాలి. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, గది వేడికే ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరి గాలికంటె బరువు, నేలమీద పాకుతూ పోయి అవతల గదిలోని దీపాన్ని అందుకోగలదు. వంటింట్లో, దేవుడి గదిలో ఈ పని చెయ్యవద్దు. కిటికీలు తెరిచి, కొద్దిగానే వాడండి. ప్లాస్టిక్ గిన్నెలో పోస్తే కొన్ని రకాలు కరిగి ఆ కరిగినది నాణేనికే అంటుకుంటుంది, గాజు గిన్నే వాడాలి. గోళ్లరంగు తుడిచే మందులో కూడా అసిటోనే కదా అని కొందరు తెలివిగా అంటారు. అందులో రంగు, సెంటు, నూనె కూడా కలుపుతారు, అవన్నీ నాణెం మీదే మిగులుతాయి. పెట్రోలు, కిరసనాయిలు, పెయింటు థిన్నరు కూడా అంతే, ఒక జిడ్డు తీసి ఇంకో జిడ్డు పూస్తాయి. థిన్నరు నేనే వాడి చూశాను. కాణీ మీద మిగిలిన మచ్చ తీయడానికి చివరకు అసిటోనే దిక్కయింది.

వెండి మీది నలుపుకు మాత్రం అసిటోన్ పనిచెయ్యదు. అది వెండి గంధకంతో కలిసి ఏర్పడిన సల్ఫైడ్, అంటే మళ్లీ నాణెం తోలే. సోడాఉప్పు కలిపిన వేడినీళ్లలో అల్యూమినియం రేకు వేసి వెండిని తెల్లబరిచే పద్ధతి హాస్టలు కుర్రాళ్లందరికీ వచ్చు. నలుపు తిరిగి వెండిగా మారుతుంది, నిజమే. కాని అది మునుపటి నునుపుగా అతుక్కోదు, నాణెం సున్నం కొట్టిన గోడలా పాలిపోతుంది. 19వ శతాబ్దం మొదట్లో మద్రాసు టంకశాల వేసిన వెండి అరవరాహ ఒకటి ఉంది. ఒకవైపు గుడి గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి. ఇంగ్లీషు, పారసీ, తమిళ అక్షరాలతో పాటు మన తెలుగు అక్షరాలు కూడా సన్నగా దానిమీద ఉంటాయి. పళ్లపేస్టుతో మెరుగుపెట్టిన అరవరాహ ఒకటి నేను చూశాను. గోపురం ఉంది, తెలుగు లేదు.

కొల్లేటి ప్రాంతం నాణేల కథ ఇంతకంటె కష్టమైనది. కొన్నేళ్ల క్రితం కైకలూరు వైపు లంకగ్రామం నుంచి వచ్చే నా విద్యార్థి ఒకడు మూడు రాగి నాణేలు అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చాడు. వాళ్ల నాన్నగారు చేపలచెరువు గట్టు సరిచేయిస్తుంటే నల్లమట్టిలో దొరికాయట. రెండు నల్లగా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మూడోదాన్ని అబ్బాయి ముందు కిరసనాయిలులో, ఆ తర్వాత రాత్రంతా నిమ్మరసంలో నానబెట్టాడు. దానిమీద అంకె లేదు, అక్షరం లేదు, బొమ్మ ఉన్నచోట ఒక ఉబ్బు మాత్రం ఉంది. "ఇది ఏ నాణెం సార్?" అని అడిగాడు. తక్కిన రెండింటినీ భూతద్దంతో చూస్తే 1808 సంవత్సరం, కంపెనీ డాలు, పారసీ లిపిలో ఇరవై కాసులన్న లెక్క కనిపించాయి. మూడోది కూడా అదే అయ్యుండాలి. అయ్యుండాలి అని తప్ప చెప్పలేకపోయాను.

అంతటితో అయిపోలేదు. వానాకాలం రాగానే నిమ్మరసం తాగిన ఆ నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి, పెసరపిండి చల్లినట్టు పొంగుకొచ్చింది. తుడిస్తే రాలిపోయింది, వారం తిరిగేసరికి మళ్లీ వచ్చింది. దీనికి వస్తుప్రదర్శనశాలలవారు కంచుజబ్బు అని పేరు పెట్టారు, రాగికి కూడా వస్తుంది. కారణం క్లోరైడ్, అంటే ఉప్పులో ఉండే పదార్థమే. కొల్లేరు మంచినీటి సరస్సే గాని, ఉప్పుటేరు దాన్ని సముద్రంతో కలుపుతోంది. ఎండాకాలంలో మంచినీరు తగ్గితే ఉప్పునీరు పైకి ఎగదట్టుతుంది. చెరువుల్లో చల్లే బ్లీచింగ్ పౌడరు కూడా తన వాటా కలుపుతుంది. ఆ మట్టిలో రెండువందల ఏళ్లు పడుకున్న రాగి పొరల కింద క్యూప్రస్ క్లోరైడ్ చేరుతుంది. పైపొర గట్టిగా ఉన్నంతకాలం అది కదలదు. పైపొరను ఆసిడ్‌తో ఒలిచేస్తే గాలి, తేమ లోపలికి పోతాయి. అప్పుడు అది లేతాకుపచ్చ పొడిగా మారుతూ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌ను పుట్టిస్తుంది. ఆ ఆసిడ్ ఇంకొంత రాగిని తిని మళ్లీ క్లోరైడ్ తయారుచేస్తుంది. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు, అసలు హరించేదాకా ఇది ఆగదు.

అసిటోన్ ఇక్కడ ఆ క్లోరైడ్‌ను తియ్యలేదు. దాని పని ఒక్కటే. డిస్టిల్డ్ వాటర్‌తో నిమ్మరసం కడిగాక, సందుల్లో మిగిలిన నీటిని తనలో కలుపుకుని త్వరగా ఆవిరైపోతుంది, నాణెం లోపలిదాకా ఆరుతుంది. అంతవరకు చేశాం. అతుక్కున్న జంటను విడదీయమని అబ్బాయి బతిమాలాడు, నేను ముట్టుకోలేదు. అలాంటి పని పరిరక్షణ ప్రయోగశాలలది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో 1930లోనే డాక్టర్ ఎస్. పరమశివన్ గారి చేతిమీదుగా అలాంటి ప్రయోగశాల మొదలైంది. అక్కడివారు క్లోరైడ్‌ను వారాల తరబడి మెల్లగా లాగేసి, బెంజోట్రయజోల్ వంటి మందుతో రాగిని కప్పుతారు. మనం ఇంట్లో చేయగలిగింది, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పొడిగా ఉంచడం. తేమ 40 శాతానికి దిగువన ఉంటే ఆ జబ్బు దాదాపు నిద్రపోతుంది.

ఆ 1808 కాసులకు ఒక వింత చుట్టరికం ఉంది. అవి కూడా బోల్టన్ టంకశాలవే. అదే సరుకు మద్రాసుకు వేసుకుని బయలుదేరిన అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్విన్ ఇసుకదిబ్బల మీద తుఫానులో మునిగిపోయింది. 1980లలో లక్షల సంఖ్యలో నాణేలు పైకి తీశారు. పీపాల్లో గట్టిగా బిగిసి ఉప్పునీరు తగలనివి నిన్న కొట్టినట్టు వచ్చాయి, నీరు తగిలినవి గుంటలు పడి వచ్చాయి. చేరవలసినచోటికి చేరి, మనవాళ్ల చేతుల్లో తిరిగి, కొల్లేటి బురదలో పడ్డ వాటి గతి కూడా చివరికి ఉప్పు చేతిలోనే పడింది.

చట్టం సంగతి కూడా అబ్బాయికి చెప్పాను. భూమిలో దొరికిన, పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. మూడు రాగి బిళ్లలకు ఇంత హడావుడి ఏమిటని వాళ్ల నాన్నగారు నవ్వారట. అయినా కాగితం వ్రాసి తహసీలుదారు కచేరీలో ఇచ్చి వచ్చారు. నిజానికి కడగక ముందు చెయ్యవలసిన మొదటి పని అదే. మట్టి కూడా సాక్ష్యమే, ఏ లోతులో, దేని పక్కన దొరికిందన్నది నాణెం మీది అంకె ఎంతో అంత.

సీసం నాణేల గురించి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మన ప్రాంతంలో అవి ఎవరికైనా తటస్థపడవచ్చు. శాతవాహనులు ఆంధ్రదేశంలో సీసంతో విరివిగా నాణేలు వేశారు. ఏలూరికి పక్కనే ఉన్న పెదవేగి ప్రాచీన వేంగీ నగరం. అలాంటి ఊళ్ల దిబ్బల మీద వాన కురిశాక ఏది పైకి తేలుతుందో చెప్పలేం. సీసానికి చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ విషంతో సమానం. అంతెందుకు, కొత్త చెక్కబీరువా వదిలే ఆసిడ్ ఆవిరికే అది తెల్లగా పూచి పొడైపోతుంది. ఆ పొడి మనకు కూడా విషమే, చేతులు కడుక్కోకుండా అన్నం తినవద్దు. అసిటోన్ సీసాన్ని ఏమీ చెయ్యదు గాని, బాగుచేసేది కూడా ఏమీ లేదు. గాజు డబ్బాలోనో మంచి పాలిథీన్ సంచిలోనో పెట్టి ఊరుకోవడమే.

ఇదంతా విని కార్యదర్శి, తన చేతిలో ఉన్న నాణేన్ని ఈసారి అంచులు పట్టుకుని బల్లమీద పెట్టాడు. అది నాయనమ్మ డబ్బే. యాభై ఏళ్లలో దానికి మళ్లీ కొంత రంగు వచ్చింది, అదీ సమంగా రాలేదు. డాలు మీద గోధుమరంగు, సింహాల దగ్గర ఎర్రటి మచ్చలు. "ఇది ఎప్పటికి మామూలుగా అవుతుంది మాస్టారూ?" అని అడిగాడు. ఇంకో నూరేళ్లకు రంగు కుదురుకోవచ్చు, జూలు మాత్రం రాదు అన్నాను. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, వాళ్ల తాతగారి దగ్గర చిల్లుకాణీలు ఒక డబ్బానిండా ఉన్నాయని, మొన్న దీపావళికి వాటిని సగం తోమేశారని చెప్పాడు. మిగిలిన సగం తోమకుండా ఉంచమని అప్పుడే ఫోను చేయించాను.